పడమర లేని పటం

ఏం ఉద్యోగం చేస్తున్నావని ఊళ్ళో ఎవరైనా అడిగితే కంప్యూటర్ పని అని చెప్పి ఊరుకుంటాను. అసలు సంగతి చెబితే వినేవాళ్ళకి నవ్వొస్తుంది. హైదరాబాద్‌లో వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి నేను ప్రపంచాలు చేసి ఇస్తాను. ఎక్కడా లేని సముద్రాలు, ఎవరూ ఎక్కని కొండలు, ఏ ప్రభుత్వానికీ చెందని దీవులు. ఆఫీసులు మూతపడ్డ రోజుల్లో ఆగిరిపల్లి దగ్గర తోటలో ఉన్న మా ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత వాళ్ళూ గట్టిగా రమ్మనలేదు, నేనూ కదల్లేదు.

ఇంట్లో ముగ్గురం ఉంటాం. నేను, నూజివీడులో ఒక స్కూల్లో లెక్కలు చెప్పే మా ఆవిడ, మా అక్క. అక్క నాకంటే బాగా పెద్దది. నాకు అక్షరాలు దిద్దించింది తనే. పెళ్ళి చేసుకోలేదు. సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. పిల్లలకి పటం చూపించేటప్పుడు ముందు ఉత్తరం ఎటో చెప్పించి, ఆ తర్వాతే దేశాల జోలికి వెళ్ళేదట. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా అక్కే. మైకు లేకపోయినా వెనక వరస దాకా వినిపించే గొంతు.

నేను ఇంటికొచ్చిన కొత్తలో ఒకరోజు నా వెనక నిలబడి స్క్రీన్ చూసింది.

"ఇది ఏ దేశంరా?"

"ఏదీ కాదక్కా. లేని దేశం."

"నువ్వు గీశావా?"

"నేను గీయలేదు. కంప్యూటరే గీసుకుంది."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "దానికెలా తెలుస్తుంది, ఎక్కడ నేల ఉండాలో ఎక్కడ నీళ్ళుండాలో?"

ఒక కాగితం తీసుకుని చెప్పాను. ముందు ఇరవై త్రిభుజాలు అంచులు కలిపి అతికిస్తే బంతిలాంటి ఆకారం వస్తుంది. ఒక్కో త్రిభుజానికి మూడు అంచులు కదా, ప్రతి అంచుకీ సరిగ్గా మధ్యలో చుక్క పెడతాం. ఆ చుక్కల్ని కలిపితే ఒక్క త్రిభుజం నాలుగు చిన్న త్రిభుజాలవుతుంది. కొత్తగా పెట్టిన చుక్కని కాస్త పైకో కిందికో జరుపుతాం. ఎటు జరపాలన్నది బొమ్మా బొరుసూ వేసినట్టే. తర్వాత ఆ చిన్న త్రిభుజాల్ని కూడా ఇలాగే కోస్తాం, ఈసారి జరిపేది అంతకన్నా తక్కువ. అలా కోసుకుంటూ పోతే నున్నటి బంతి గరుకు తేలి, కొండలూ లోయలూ అవుతాయి. చివరికి ఒక మట్టం దాకా నీళ్ళు పోస్తాం. మునిగింది సముద్రం, తేలింది నేల.

అక్క చాలాసేపు స్క్రీన్ వంకే చూసింది. "బందరు తీరం కూడా ఇలాగే వంకరగా ఉంటుంది. ఎవరూ గీయకుండానే వచ్చిందంటే వింతగా ఉంది," అంది. ఆ తర్వాత, "మరి పేర్లేవి? పేర్లు లేకపోతే అది పటమెలా అవుతుంది," అని అడిగింది.

అదే అలవాటైంది. నచ్చిన ప్రపంచం ఒకటి తయారైనప్పుడల్లా పెద్ద కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చేవాణ్ణి. అక్క వరండాలో బల్ల ముందు కూర్చుని నల్ల పెన్నుతో పేర్లు రాసేది. మజ్జిగ సముద్రం. చింతచిగురు అఖాతం. రసం మామిడి తిన్నాక మిగిలిన టెంకలా పీచుపీచుగా ఉన్న ఒక నేలకి టెంక ద్వీపకల్పం అని పెట్టింది. ఒక దీవికి మా ఆవిడ పుట్టిన ఊరి పేరు పెట్టి, "మీ వాళ్ళకిక నీళ్ళ కరువుండదు, చుట్టూ నీళ్ళే," అని తనని ఆట పట్టించింది. వాటిలో కొన్ని పేర్లు నేను కంపెనీకి పంపితే వాళ్ళు అలాగే ఉంచేశారు.

ఇప్పుడు చెప్పబోయేది జరిగింది మే నెలలో. తోట కౌలుకి తీసుకున్నతను మనుషుల్ని పెట్టి బంగినపల్లి కోయిస్తున్నాడు. పొద్దున్నించీ ట్రేలు ట్రాక్టర్లోకి ఎక్కిస్తున్న చప్పుడు. మా ఆవిడకి వేసవి సెలవులు. నేను ముందురోజు ప్రింటు తీసిన కొత్త ప్రపంచాన్ని అక్కకిచ్చి లోపల పని చేసుకుంటున్నాను. అందులో రెండు పెద్ద ఖండాలున్నాయి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. మధ్యలో సన్నటి సముద్రం. నిజం చెప్పాలంటే ఎడమవైపుదే అందంగా ఉంది. తీరమంతా చీలికలు చీలికలుగా, దాని కింద చిన్న దీవుల గుంపుతో. అక్కకి అదే నచ్చుతుందనుకున్నాను.

పదకొండింటికి టీ తీసుకుని వరండాలోకి వెళ్ళాను. పెన్ను మూత పెట్టేసి ఉంది.

"అప్పుడే అయిపోయిందా అక్కా?"

"అయిపోయిందిరా. ఈసారి ఇంత చిన్న ప్రపంచం చేశావేంటి?"

కాగితం చూశాను. కుడివైపు ఖండం నిండా పేర్లే. అగ్గిపెట్టెంత జాగా కూడా వదల్లేదు, ఒకదాని మీద ఒకటి ఇరికించి రాసింది. ఎడమవైపు ఒక్క అక్షరం లేదు. మధ్య సముద్రం పేరు కూడా సగంలో మొదలైంది.

ప్రింటరు మీద అనుమానం వచ్చింది. సిరా సరిగా పడలేదేమోనని కాగితం వెలుతురులో పెట్టి చూశాను. ముద్ర బాగానే ఉంది. తీరం గీతలు రెండువైపులా ఒకేలా నల్లగా ఉన్నాయి.

"మరి ఈ పక్కనున్న దానికి పెట్టలేదేం?"

"ఏ పక్కన?"

వేలు పెట్టి చూపించాను. అక్క నా ముఖం చూసింది, కాగితం చూసింది. ఆ చూపు నా వేలు దాకా రాలేదు. మధ్య సముద్రం దగ్గరే ఆగిపోయింది. కాగితం అక్కడితో అయిపోయినట్టు.

"ఇక్కడక్కా. ఇదిగో, ఎడమవైపు."

"చూస్తూనే ఉన్నానుగా. పెట్టడానికింకేం లేదురా, అంతా నిండిపోయింది."

ఆటలాడుతోందనుకున్నాను. అక్క అలాంటి ఆటలు ఆడే మనిషి కాదు. ఏం చేయాలో తోచక కాగితాన్ని బల్ల మీద తలకిందులుగా తిప్పాను. అలా ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. తిప్పేసరికి ఎడమ ఖండం అక్కకి కుడివైపుకొచ్చింది.

అక్క ముఖం వెలిగింది. "ఇదింకోటా? ఇది బావుంది. తీరం చూడు, చిరిగిన చీరంచులా ఉంది. ముందే ఇయ్యొచ్చుగా," అంటూ పెన్ను మూత తీసి రాయడం మొదలుపెట్టింది.

అంతకుముందు గంటసేపు కూర్చుని తను రాసిన పేర్లన్నీ ఇప్పుడు తలకిందులుగా, ఎడమవైపు, తన మోచేతికి జానెడు దూరంలో ఉన్నాయి. వాటివంక ఒక్కసారి కూడా చూడలేదు. చిరునవ్వుతో కొత్త పేర్లు రాసుకుంటోంది. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. నేను చెప్పింది నాకే సరిగా అర్థం కాలేదు, తనకేం అర్థమవుతుంది. "కళ్ళజోడు పవర్ మారిందేమోనండీ," అంది. అన్నం పెట్టేస్తాను, తిన్నాక నూజివీడు వెళ్ళి చూపించుకొద్దాం అంది.

కంచంలో మధ్యన అన్నం, కుడిపక్కన మామిడికాయ పప్పు, ఎడమపక్కన బెండకాయ వేపుడు. అక్క పప్పుతో కుడివైపున్న అన్నమంతా తినేసింది. మిగిలిన అన్నం గోడ కట్టినట్టు మధ్యలో నిలువుగా నిలబడింది.

"ఈవేళ వేపుడు చెయ్యలేదేంటమ్మాయ్?"

"కంచంలోనే ఉంది కదండీ వదినా."

"ఏదీ?"

మా ఆవిడ నావైపు చూసింది. మెల్లిగా కంచాన్ని సగం చుట్టు తిప్పింది. అక్క వేపుడు చూసి, "ఇప్పుడేశావా, కాస్త అన్నం కూడా వెయ్యకపోయావా... ఆ, వేశావులే," అని తినసాగింది.

మా ఆవిడ లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, నన్ను రమ్మని సైగ చేసింది. "కళ్ళు కాదండీ ఇది. బెజవాడ వెళ్దాం. ఇప్పుడే," అంది.

దారి పొడుగునా మాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ వారం మొదట్లో ఒక తెల్లవారుజామున తల బరువుగా ఉందని అక్క చాలాసేపు పడుకుంది. బీపీ మాత్ర వేసుకుని లేచి మామూలుగానే తిరిగింది. రెండుసార్లు ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుని గుమ్మాన్నే తిట్టింది. చెంపకి రాసుకున్న పౌడరు ఒకవైపే ఉంటే మా ఆవిడ తుడిచింది. ఏ ఒక్కటీ విడిగా చూస్తే పెద్ద విషయం కాదు. అక్క మాత్రం కారులో కిటికీలోంచి తోటలు చూస్తూ, "నాకేమైందని ఈ హడావుడి? కాయ కోస్తుంటే ఇంటి దగ్గర మనిషి లేకపోతే ఎలా," అని విసుక్కుంటూనే ఉంది. నొప్పి లేదు, మాట తడబడలేదు, మూతి వంకరపోలేదు.

స్కానింగులు అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. వయసులో మాకంటే చిన్నది, నిదానంగా మాట్లాడింది. మెదడులో కుడివైపు ఒకచోట రక్తం అందక దెబ్బతిందని, బహుశా ఆ తలనొప్పి వచ్చిన రోజే జరిగుంటుందని చెప్పింది.

"మరి చూపు సగం పోయిందాండీ?" అన్నాను.

"చూపు బానే ఉందండీ. పోయింది ధ్యాస. ఎడమవైపు ఒకటుందనే సంగతే ఆవిడ మెదడు లెక్కలోకి తీసుకోవడం లేదు. మనకి వెనక వైపు కనపడదు, కనపడటం లేదని బాధపడతామా? ఆవిడకి ఎడమ అలాగన్నమాట."

నాకు నమ్మకం కుదరలేదు. అది నా ముఖంలో తెలిసిపోయినట్టుంది. డాక్టరమ్మ మమ్మల్ని వెంటబెట్టుకుని అక్క మంచం దగ్గరికి వచ్చింది.

"మేడమ్, మీకు తోటుందట కదా. కళ్ళు మూసుకోండి. తోట గేటు దగ్గర నిలబడి ఇంటివైపు చూస్తున్నారనుకోండి. ఏమేం ఉన్నాయో చెప్పండి."

అక్క కళ్ళు మూసుకుంది. "బోరు షెడ్డు. దాని వెనక పనసచెట్టు. కౌలుదారు వేసుకున్న తాటాకు పాక. తర్వాత ఇల్లు."

"ఇంకా?"

"అంతేనండీ."

"ఇప్పుడు ఇంటి వరండాలో నిలబడి గేటువైపు చూడండి. ఏమున్నాయి?"

"నీళ్ళ తొట్టి. బట్టలుతికే బండ. చిన్నరసాల వరస, గేటు దాకా ఉంటుంది."

"పనసచెట్టు లేదా?"

అక్క కనుబొమలు ముడిచింది. కళ్ళు మూసుకునే ఉంది. కాసేపు వెతికినట్టు ఆగి, "ఉండాలి. ఇప్పుడు లేదు," అంది, మామూలు గొంతుతో.

గేటు దగ్గర నిలబడితే కుడివైపుండే వాటిని మాత్రమే మొదట చెప్పింది. వెనక్కి తిరిగి నిలబడగానే అవి మాయమై, అంతకుముందు లేనివి పుట్టుకొచ్చాయి. పుట్టినప్పటినించీ తిరిగిన తోట అది. చీకట్లో నడిచినా ఏ చెట్టుకీ తగలకుండా వెళ్ళగల మనిషి. కాగితంలో సగం కనిపించలేదంటే ఎలాగో సర్దిచెప్పుకున్నాను. కళ్ళు మూసుకుని తలుచుకున్న తోటలో కూడా సగం లేదంటే తట్టుకోవడం నావల్ల కాలేదు. కారిడార్‌లోకి వచ్చి గోడకానుకుని నిలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. మా ఆవిడ మంచినీళ్ళ సీసా చేతిలో పెడితే మూత తీయడం మర్చిపోయి అలాగే పట్టుకున్నాను.

వారం తర్వాత ఇంటికి తీసుకొచ్చాం. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు, బీపీకి మాత్రలు ఇచ్చారు. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి బల్లకి ఎడమ అంచున ఎర్ర టేపు అంటించింది. ఏ పని చేసినా ముందు ఎరుపు ఎక్కడుందో వెతకాలి, దొరికాకే మొదలుపెట్టాలి. చెబితే అక్క వెతికేది. చెప్పకపోతే ఎరుపు సంగతే గుర్తుండేది కాదు. పేపరు చదివితే ప్రతి వరసలోనూ మొదటి మాటలు పోయేవి. మిగిలిన ముక్కలు అతకక, పేపరు వాళ్ళకి తెలుగు రావడం లేదని పడేసేది.

మేం పదేపదే ఎడమ, ఎడమ అంటుంటే ఒకరోజు గట్టిగానే అంది. "మీ ఇద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారు. లేనిదాన్ని ఉందంటారు. ఉందంటే చూపించండి."

అక్క నోట అంత కఠినమైన మాట నేనెప్పుడూ వినలేదు. ఆ మధ్యాహ్నం మా ఆవిడ అన్నం తినలేదు.

ఆ మర్నాడో ఆ తర్వాతో కరెంటు పోయింది. కంప్యూటరు కట్టేసి వరండాలోకి వచ్చాను. అక్క ఊరికే కూర్చుని ఉంది. ఊసుపోక డ్రాయింగ్ షీటొకటి పరిచి, దాన్నిండా ఒక పెద్ద త్రిభుజం గీశాను. స్కేలూ పెన్సిలూ ఇచ్చి, "ఇవాళ చేత్తో చేద్దామక్కా. అంచుల్ని సగానికి కొయ్యి," అన్నాను.

కుడివైపు అంచు సులువుగా కొలిచి మధ్యలో చుక్క పెట్టింది. తర్వాత కింది అంచుకొచ్చింది. కుడి మూల దగ్గర స్కేలు ఆనించి, ఆగిపోయింది.

"ఇది ఎక్కడిదాకారా?"

"కొస దాకా."

"కొస ఏదీ?"

ఎడమ అనబోయి నాలుక కరుచుకున్నాను. "త్రిభుజానికి కొసలెన్నక్కా?"

"అదేం ప్రశ్న? మూడు."

"నీకెన్ని దొరికాయి?"

అక్క పైకొస మీద వేలు పెట్టింది, కుడి కొస మీద పెట్టింది. వేలు గాల్లో ఆగింది. మళ్ళీ మొదటినించీ లెక్కపెట్టింది. ఎన్నిసార్లు చూసినా రెండే. "రెండు కొసలతో త్రిభుజం ఉండదు. ఇంకోటి ఉండి తీరాలి," అని తనలో తనే అనుకుంది. క్లాసులో పిల్లాడు తప్పు చెప్పినప్పుడు పెట్టే ముఖం పెట్టింది. కింది గీత మీద వేలు ఆనించి, గీత వదలకుండా జరుపుకుంటూ పోయింది. వేలుతో పాటు తల కూడా మెల్లిగా తిరుగుతోంది. షీటు మధ్యకొచ్చింది, దాటింది. వేలు మూల దగ్గర ఆగింది.

అక్క తల ఎత్తింది. తన ఎడమవైపు మంచినీళ్ళ చెంబుంది, ఎర్ర టేపుంది, బల్ల పక్కన చాలాసేపటినించీ నిలబడి ఉన్న మా ఆవిడ ఉంది. అక్క ఉలిక్కిపడి కుర్చీలో వెనక్కి జరిగింది.

"నువ్వెప్పుడొచ్చావమ్మాయ్?"

"ఇందాకటినించీ ఇక్కడే ఉన్నాను వదినా."

అక్క ఆ మూలనీ, మా ఆవిడనీ, చెంబునీ మార్చి మార్చి చూసింది. "ఇదంతా ఇక్కడే ఉందా ఇన్నాళ్ళూ?"

"ఉందక్కా."

"మరి మీరు చెబుతుంటే నాకెందుకు తెలీలేదురా?"

ఆసుపత్రిలో అంతమంది అన్ని పరీక్షలు చేసినా చలించని మనిషి అప్పుడు భయపడింది. మా ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చింది. మాకు నెలన్నరగా తెలిసిన సంగతి తనకి ఆ నిమిషంలో తెలిసింది. మళ్ళీ కాసేపటికే చెంబు కోసం కుడివైపు తడుముకుంది కూడా. కానీ ఆ తర్వాత లేదని మాత్రం అనలేదు. "ఉండే ఉంటుంది, నాకు దొరకడం లేదు," అనడం నేర్చుకుంది.

అప్పటినించీ రోజూ త్రిభుజాలే. టేపు చెప్పలేని మాట త్రిభుజం చెప్పింది. మూడో కొస దొరక్కపోతే పని ముందుకు సాగదు, దొరికేదాకా అక్క ఊరుకోదు. ఒక్కో అంచునీ సగానికి కోసి, రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే చుక్కని గోరు వెడల్పు బయటికి, బొరుసు పడితే లోపలికి జరుపుతుంది. కంప్యూటరు రెప్పపాటులో చేసే పనికి అక్కకి మూడు వారాలు పట్టింది. చివరికి ఒక దీవి తీరం వచ్చింది. కుడివైపు తీరం సన్న సన్న కోతలతో నాజూగ్గా ఉంది. ఎడమవైపు మొరటుగా, పెద్ద పెద్ద కోతలతో ఉంది, అక్కడ తక్కువసార్లు కోసింది కాబట్టి. ఫిజియోథెరపీ అమ్మాయి దాన్ని ఫోటో తీసుకుని డాక్టరమ్మకి పంపింది.

పూర్తిగా నయం కాలేదు. కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. రోడ్డు ఒంటరిగా దాటనివ్వం. ఎడమకాలి చెప్పు ఒక్కోసారి గుమ్మం దగ్గరే ఉండిపోతుంది. చర్చిలో వాక్యం చదవడం అక్క తనంతట తనే మానేసింది. ఒక ఆదివారం వరస మొదలు వదిలేసి చదివితే అర్థమే తిరగబడిందట. తప్పు తనే పసిగట్టి, పుస్తకం మూసి, వచ్చి కూర్చుంది. ఇంటికొచ్చాక ఆ సంగతి మాతో మామూలుగానే చెప్పింది గానీ, ఆ రోజంతా గదిలోంచి బయటికి రాలేదు.

ఈ మధ్య ఇరవై త్రిభుజాలూ అట్టతో కోసి అతికించి, నిజంగానే ఒక బంతి చేయాలని పట్టుబట్టింది. గుండ్రంగా ఉంటే ఎడమ కొస అంటూ ఉండదు, తిప్పుకుంటూ పోవచ్చు అంటుంది. పొద్దున్న నేను ఆఫీసు కాల్‌లో ఉండగా వరండాలోంచి మాటలు వినిపించాయి. మా ఆవిడ స్కూలుకి టైమవుతోందంటోంది. అక్క వదలడం లేదు.

"ఒక్క నిమిషమే అమ్మాయ్. స్కేలు ఆ కొస నువ్వు పట్టుకో, ఈ కొస నేను చూసుకుంటా. కదపకు."